కాదిస్‌లో ఇరవై ఒకటో ఏడు

మెలకువ వచ్చాక కూడా రుస్నే కాసేపు కళ్లు తెరవలేదు. చిన్నప్పటి నుంచీ మార్చి పదకొండో తారీకున ఆమె ఇలాగే దొంగనిద్ర పోయేది. లేచిందని తెలిస్తే నాన్న చిన్నబుచ్చుకుంటాడు. ఆయన చీకటితోనే లేచి, వంటింటి కుర్చీ ఒకదాన్ని చప్పుడు కాకుండా మోసుకొచ్చి ఆమె మంచం పక్కన పెట్టేవాడు. మంచు కింద కూడా పచ్చగా ఉండే అడవి తీగల్ని అమ్మ ముందురోజే ఏరి తెచ్చి దాని వీపుకి చుట్టేది. ఆ ఆకుల వాసన ముక్కుకి తగిలాకే రుస్నే అప్పుడే లేచినట్టు ఒళ్లు విరుచుకునేది.

పుట్టినరోజు మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఎన్నేళ్లు నిండితే అన్నిసార్లు పైకెత్తడం లిథువేనియాలో వాళ్ల వైపు ఆనవాయితీ. కిందటేడు ఇరవైసార్లు ఎత్తాల్సి వచ్చింది. పద్నాలుగోసారికి బాబాయి నడుం పట్టుకుని కూలబడితే, పక్కింటాయన్ని కేకేసి పిలిచారు. ఆయన సగం గీసిన గడ్డంతో, చెంపమీద నురగతోనే వచ్చి మిగతా ఆరూ ఎత్తి వెళ్లిపోయాడు.

రుస్నే కళ్లు తెరిచింది. ఈ గదిలోనూ మంచం పక్కన ఒక కుర్చీ ఉంది. దానిమీద నిన్న విడిచిన బట్టలూ, ఆరని తువ్వాలూ ఉన్నాయి. బయట తూర్పుగాలి కిటికీ రెక్కని ఆపకుండా కొడుతోంది.

ఆమె స్పెయిన్‌లోని కాదిస్‌కి వచ్చి ఆరు వారాలైంది. సముద్ర జీవుల చదువు కోసం ఒక అర్ధ సంవత్సరం ఇక్కడ. ఇంటావిడ మిలాగ్రోస్‌కి డెబ్బై రెండేళ్లు. భర్త పోయాడు, పిల్లల్లేరు. పాత మేడలో రెండో అంతస్తు ఆవిడది. మూడంతస్తుల్లోని వాటాలన్నిటి గుమ్మాలూ నడిమి మండువా వైపే తెరుచుకుంటాయి కాబట్టి, ఒకరింట్లో చెంచా కిందపడితే అందరికీ వినిపిస్తుంది. వచ్చిన కొత్తలో రుస్నే "మిలాగ్రోస్ గారూ" అని పిలిస్తే, "ఆ గారు తీసెయ్ తల్లీ, చర్చిలో నా దినం చేస్తున్నట్టుంది" అని ఆవిడ కసిరింది. రుస్నే గారు తీసేసింది గానీ, మీరు అనడం మానలేకపోయింది.

వంటింట్లో మిలాగ్రోస్ కాల్చిన రొట్టెమీద టమాటా రుద్దుతోంది. తలెత్తి చూసింది.

"మొహమేంటి, ఉడకేసిన చేపలా ఉంది? నిద్ర పట్టలేదా?"

"పట్టింది. గాలి."

"ఈ గాలికి అంతే, మనుషులకి చిరాకెక్కిస్తుంది. మా ఆయన ఉన్నన్నాళ్లూ తూర్పుగాలి వీస్తే నేను ఆయనతో పలికేదాన్ని కాదు. పలికితే విడాకుల దాకా పోతుందని భయం. తిను, ఆలివ్ నూనె ఇంకొంచెం పోసుకో. చలిదేశం పిల్లవి, నూనె పోసుకోవడం కూడా నేర్పాలా?"

ఇవాళ నా పుట్టినరోజు అన్న మాట రుస్నే నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చీరాని స్పానిష్‌లో అది చెబితే, ఆ వెంటనే ఏడుపు కూడా వస్తుందని తోచింది. పరాయి వంటింట్లో, ఎనిమిది గంటల పొద్దున, నోట్లో రొట్టెముక్కతో ఏడవడం బాగుండదు. కాఫీ తాగేసి సంచీ తగిలించుకుంది.

కాలేజీకి పోయే రైల్లో ఫోన్ చెవికి ఆనించుకుని అమ్మ పంపిన మాటలు విన్నది. ఇంటిల్లిపాదీ కలిసి పాట పాడారు. నాన్న ఎప్పట్లాగే అందరికంటే ఒక పాదం వెనకబడ్డాడు. చివర అమ్మ, "ఒక పెట్టె పంపించాం, వచ్చిందో లేదో చూసుకో. మీ నాన్నే కట్టాడు, అందుకే భయంగా ఉంది" అంది. రుస్నే దాన్ని మూడుసార్లు విని, మొహం కిటికీ వైపు తిప్పుకుని ఉప్పుమడులు చూస్తూ కూర్చుంది. ఎండకి తెల్లగా మెరిసిపోతున్న ఉప్పుకుప్పలు దూరానికి మంచులా ఉన్నాయి. అలా కనిపించకుండా ఉంటే బాగుండుననుకుంది.

ఆ రోజంతా సూక్ష్మదర్శిని కింద నత్తపిల్లల్ని లెక్కపెట్టింది. తోటి విద్యార్థులు సాయంత్రం ఎక్కడికో రమ్మన్నారు. పనుందని చెప్పింది. పనేమీ లేదు. ఇంటికి పోయి, తలుపేసుకుని, ఈ రోజు గడిచిపోతే చాలనుకుంది.

నాలుగున్నరకి వీధి తలుపు తోసేసరికి మండువాలో ముగ్గురు ఒక బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. మిలాగ్రోస్, ఓడల కార్ఖానాలో పనిచేసి ఎప్పుడో రిటైరైన కింది వాటా ఫౌస్తీనో, సంతలో చేపల దుకాణం నడిపే మూడో అంతస్తు చారో. బల్లమీద ఒక అట్టపెట్టె ఉంది. దానికి ఒక పక్క పూర్తిగా చిరిగిపోయింది.

"అమ్మాయ్, మీ దేశం నుంచి చెట్టొకటి వచ్చింది" అన్నాడు ఫౌస్తీనో. "నీళ్లు పోయాలా, వద్దా? అదే తేలట్లేదు."

"నేను తెరవలేదు" అంది మిలాగ్రోస్ ముందుగానే. "తెచ్చినవాడు మెట్లమీద జారవిడిచాడు. అదే తెరుచుకుంది. తెరుచుకున్నాక చూడకుండా ఎలా ఉంటాం?"

"చెట్టు కాదు" అంది చారో. "ముళ్లు చూడు. సముద్రం అడుగున ఇలాంటివి వలలో పడతాయి. నేనైతే చేత్తో ముట్టను."

రుస్నే దగ్గరికి వెళ్లి చూసింది. నిప్పుల ముందు తిరిగే కర్రమీద గుడ్లూ వెన్నా కలిపిన పిండి ధారగా పోస్తూ, పొరమీద పొరగా కాల్చే కేకు అది. కారిన పిండి కారినట్టే గట్టిపడి నాలుగువైపులా కొమ్మల్లా పొడుచుకొస్తుంది. పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ వాళ్ల ఊళ్లో అది లేని బల్ల ఉండదు. దారి పొడుగునా దెబ్బలు తిని కొమ్మలు కొన్ని విరిగాయి గానీ, మాను నిలబడే ఉంది. నాన్న దాన్ని తన పాత ఉన్ని చొక్కాలో చుట్టి కట్టాడు. చొక్కాకి ఇంకా వాళ్ల పొయ్యి పొగ వాసన వస్తోంది.

"ఇది తినేది" అంది రుస్నే.

మిలాగ్రోస్ ఆమెకేసి కాక, పెట్టెలోంచి జారిపడిన కార్డు చేతిలో పట్టుకుని దానికేసి చూస్తోంది. "ఇందులో ఒక్క ముక్క అర్థం కాలేదు నాకు. కానీ అంకెలు ఎక్కడైనా అంకెలే. ఇరవై ఒకటి అని రాసి, పక్కన కొవ్వొత్తి బొమ్మ వేశారు. ఇవాళేనా?"

రుస్నే తలూపింది.

"పొద్దున నా బల్లముందు కూర్చుని, నా రొట్టె తిని, గాలి అని చెప్పావా నాకు?"

"ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

"ఈ ఇంట్లో తుమ్మొస్తే చెప్పుకుంటారు. పుట్టినరోజు దాచుకుంటారా ఎవరైనా? ఇటు రా."

దగ్గరికి రాగానే ఆవిడ రుస్నే చెవి పట్టుకుంది. ఇది ఇక్కడి ఆనవాయితీ. ఎన్నేళ్లు నిండితే అన్నిసార్లు చెవి లాగాలి. మొదటి ఏడుసార్లూ మిలాగ్రోస్ లాగింది, తర్వాతి ఏడూ చారో లాగింది. ఆవిడ చేతులకి చేపల వాసన, నిమ్మకాయ వాసన కలిసి వస్తున్నాయి. చివరి ఏడూ ఫౌస్తీనో వంతు. ఆయన గాజుబొమ్మని ముట్టుకున్నట్టు రెండు వేళ్లతో తాకి వదిలేస్తుంటే, "అలా అయితే పిల్ల ఎదగదు, గట్టిగా లాగు" అని చారో గదమాయించింది.

"మీ వైపు ఏం చేస్తారు?" అని ఫౌస్తీనో ఎర్రబడ్డ చెవిని చూసి జాలిగా అడిగాడు. "మీరూ పిల్లల్ని కొడతారా?"

రుస్నే చెప్పింది. మాటలు చాలనిచోట చేతులతో చూపించింది. కుర్చీ, ఆకులు, ఎత్తడం, దించడం. చెప్పేసరికి ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"వద్దు" అంది రుస్నే వెంటనే. "ఊరికే చెప్పాను."

"చెప్పాక ఊరికే ఎలా అవుతుంది?" అంది మిలాగ్రోస్. అప్పటికే ఆవిడ గడ్డి అల్లిన కుర్చీ ఒకటి ఫౌస్తీనో గుమ్మంలోంచి లాగుతోంది. చారో పైకి వెళ్లి, చేపలు కొన్నవాళ్లకి ఊరికే ఇచ్చే, కొత్తిమీర లాంటి పార్స్లీ కట్టలు నాలుగు తెచ్చి దారంతో కుర్చీ వీపుకి కట్టింది. మిలాగ్రోస్ తన కుండీల్లోంచి ఎర్రటి జెరేనియం పూలు నిర్దాక్షిణ్యంగా తుంచింది. అయిదు నిమిషాల్లో కుర్చీ కూరల బండిలా తయారైంది.

"నా నడుము ఓడల దగ్గరే వదిలేసి వచ్చాను" అని ఫౌస్తీనో గొణిగాడు. అంటూనే చొక్కా చేతులు మడిచాడు.

ఒక పక్క ఆయన, ఇంకో పక్క చారో. మిలాగ్రోస్ వెనక వీపు పట్టుకుంది. మొదటిసారి ఎత్తినప్పుడు కుర్చీ చారో వైపు పైకి లేచి, ఫౌస్తీనో వైపు ఒరిగింది. రుస్నే ఆయన మెడ పట్టుకుంది. రెండోసారికి కుదిరింది. అయిదు, ఆరు, ఏడు. పై అంతస్తుల కిటికీలు ఒక్కొక్కటీ తెరుచుకుని, ఎవరెవరో లెక్కలో గొంతు కలిపారు. పైకి లేచిన ప్రతిసారీ, ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి ఆకాశం ముక్క ఒకటి రుస్నేకి కొంచెం దగ్గరగా కనిపించింది. పన్నెండోసారి ఆమెకి నవ్వొచ్చింది. పదిహేనోసారి ఆ నవ్వు ఏడుపైంది. కుర్చీ కిందికి దిగుతోంది, పైకి లేస్తోంది. ఆమె ఏడుస్తోంది. ఎవరూ ఆపలేదు.

పంతొమ్మిది దగ్గర ఫౌస్తీనో దించేసి, "ఇరవై ఒకటి" అన్నాడు.

"పంతొమ్మిదే" అంది చారో.

"చేపలు తూచినట్టు లెక్కపెట్టకు. ఇరవై ఒకటి."

కేకు కొమ్మలు విరుచుకుని అందరూ తిన్నారు. ఇక్కడ పుట్టినరోజు మనిషే నలుగురికీ పెట్టాలి కాబట్టి, అలా చూసినా లోటు లేకపోయింది. కిటికీల్లో ఉన్నవాళ్లకి చారో పళ్లెంలో పెట్టి పైకి పంపింది. ఫౌస్తీనో మూడు ముక్కలు తిని, చెట్టు మంచిదేనని ఒప్పుకున్నాడు.

పైన ఇంట్లోకి వచ్చాక మిలాగ్రోస్ శనగల పులుసు పొయ్యిమీద పెట్టి కూర్చుంది.

"నాకు ఇరవై నిండింది జర్మనీలో" అంది తర్వాత. "బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని. చెక్క షెడ్డులో గదికి ఆరు మంచాలు. నవంబరు. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆరుగురికీ ఊళ్లో వదిలొచ్చినవాళ్లు ఎవరో ఒకరు ఉన్నారు కదా, ఒకరు మొదలుపెడితే అందరూ ఏడుస్తారని. కొట్టుకి పోయి ఒక నారింజపండు కొనుక్కున్నాను. పల్చటి కాగితంలో చుట్టి ఉంది, కాగితం మీద మా దేశం పేరు. మంచంమీద దుప్పటి కప్పుకుని తొనలు ఒక్కొక్కటీ తింటుంటే పక్క మంచం పిల్ల చూసింది. గ్రీసు పిల్ల, దెస్పీనా. దాని మాట నాకు రాదు, నా మాట దానికి రాదు. లేచొచ్చి, నా జడ విప్పి, మళ్లీ అల్లింది. అల్లుతూ ఏదో కూనిరాగం తీసింది. తర్వాత వాళ్లమ్మ పంపిన పుల్లచెర్రీ పాకం సీసా తెచ్చి, చెంచాతో నా నోట్లో పెట్టింది."

"తర్వాత?"

"పదకొండు నెలలు పక్కపక్కనే పడుకున్నాం. పెళ్లి కుదిరి వెళ్లిపోయింది. బిస్కెట్ల అట్టమీద వాళ్ల ఊరు రాసిచ్చింది, వాళ్ల అక్షరాల్లో. నేను వాటిని బొమ్మ గీసినట్టు కవరుమీద దించి ఉత్తరం వేశాను. తిరిగి రాలేదు, జవాబూ రాలేదు. ఎక్కడికి పోయిందో మరి."

ఫోన్ మోగింది. రుస్నే నాన్న తెరమీద నుదురు మాత్రమే కనిపించేలా కూర్చున్నాడు. కేకు నిలబడి వచ్చిందా అని అడిగాడు. వచ్చిందంది. కుర్చీ సంగతి చెబితే ముందు నమ్మలేదు. తర్వాత తల పక్కకి తిప్పుకుని, అమ్మని పిలిచి, "దీన్ని అక్కడ ఎత్తారట" అన్నాడు. అమ్మ ఎవరు ఎత్తారని అడిగింది. చేపలమ్మే ఆవిడా, నడుం లేని తాతా అని రుస్నే చెప్పింది. నాన్న ఫోన్ తెరని మిలాగ్రోస్‌కి చూపించమన్నాడు. చూపిస్తే, తనకి రాని భాషలో తెలిసిన ఒకే ఒక్క మాట, "గ్రాసియాస్" అన్నాడు. మిలాగ్రోస్ ఆయనతో అయిదు నిమిషాలు స్పానిష్‌లో ఏకబిగిన మాట్లాడింది. ఆయన ప్రతిదానికీ తలూపాడు.

ఫోన్ పెట్టేశాక ఆవిడ లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చింది. నారింజ కాగితం అందులోనే ఉండాలట. రసీదులు, కత్తిరించిన వార్తలు, భర్త కళ్లద్దాలు, ఒక బొత్తాం. కాగితం లేదు. డబ్బా అడుగున, అంచులు మెత్తబడ్డ ఫొటో ఒకటి దొరికింది. మంచులో, ఒకే రకం ఏప్రాన్లతో, ఎండకి కళ్లు చికిలించి నిలబడ్డ ఇద్దరమ్మాయిలు.

"నేనెవరో చెప్పు" అంది మిలాగ్రోస్.

రుస్నే చాలాసేపు చూసి, ఎడమవైపు పిల్లని చూపించింది.

మిలాగ్రోస్ పకపకా నవ్వింది. "అది దెస్పీనా. వింటే ఎంత మురిసిపోయేదో. మా ఇద్దరిలో అందగత్తె తనేనని ఎప్పుడూ అంటుండేది, సైగలతోనే లే."

"ఆవిడ ఇంటిపేరు గుర్తుందా? వెతుకుదాం" అంది రుస్నే ఫోన్ అందుకుంటూ.

మిలాగ్రోస్ ఆలోచించింది. ఇంటిపేరులో సగమే గుర్తుంది. ఊరి పేరు 'వ' తో మొదలవుతుందని తెలుసు. ఆ సగంతోనే ఇద్దరూ బల్లమీద వంగి కూర్చున్నారు. ఆవిడ ఒక్కో అక్షరం గుర్తు తెచ్చుకుని పలుకుతుంటే రుస్నే టైపు చేస్తోంది. పొయ్యిమీద పులుసు మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరికీ దాని సంగతే గుర్తులేదు.