ప్రార్థనలో పేర్లు

విశ్వాసం మాస్టారి కుటుంబ ప్రార్థనంటే మండవల్లిలో చుట్టాలకి హడలు. కంచాల్లో అన్నం వడ్డించాక ఆయన కళ్ళు మూసుకుని, బడిలో హాజరు పిలిచినట్టు ఇంటిల్లిపాది పేర్లూ దేవుడికి వినిపించేవారు. మొదటి పేరు భార్య కృపమ్మది. తర్వాత పిల్లలు, మనవలు, పాలేరు అబ్బులు, ఆఖరికి గేదె కూడా. ఈలోగా పులుసు చల్లారిపోయేది.

"దేవుడికి మన పేర్లు తెలీవా ఏవిటండీ!" అని నలభై ఏళ్ళు విసుక్కుంది కృపమ్మ.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు వాళ్ళు కొట్టేసిన ఏడాది, ఆ ప్రార్థనలోంచి ముందు గేదె జారిపోయింది. తర్వాత అబ్బులు, ఆ తర్వాత మనవలు. ఒక సాయంత్రం కృపమ్మ పేరు కూడా రాలేదు. ఆవిడ కళ్ళు తెరిచి ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఏలూరులో డాక్టరు జ్ఞానప్రసూనాంబ గారు చూసి, మతిమరుపు జబ్బని బిళ్ళలు రాశారు. "ఇది నయం చేసే మందు కాదమ్మా. కొందరిని కొన్నాళ్ళు నిలబెడుతుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది. ఏం జరిగినా నాకు దాచకుండా చెప్పాలి."

రెండో నెలలో ఆయన ప్రార్థన మొదలుపెడుతూ, "నా కృపను కాపాడు తండ్రీ" అన్నారు. కృపమ్మ ఉప్పు తెచ్చే వంకతో వంటింట్లోకి పోయి కరువుదీరా ఏడ్చింది.

పేరైతే వచ్చింది గానీ అన్నం సయించడం మానేసింది. కొరమీను పులుసంటే పడిచచ్చే మనిషి, ఆ వాసనకే డోకుకునేవారు. డాక్టరు గారు బిళ్ళ సగానికి తగ్గించినా వాంతులు ఆగలేదు. తర్వాత ఏలూరు వెళ్ళినప్పుడు కృపమ్మ, "ఇప్పుడు పర్లేదండీ" అని చెప్పి వచ్చేసింది. ఎంత పాపిష్టి మాట! అది ఆవిడకీ తెలుసు.

ఆరో నెలలో తాడేపల్లిగూడెం నుంచి కొడుకు ఏసుకుమార్ వచ్చి తోడు వెళ్ళాడు. డాక్టరు గారు మాస్టారిని తూకం మిషను ఎక్కించారు. పదకొండు కిలోలు తగ్గారు. డాక్టరు గారు కృపమ్మ వైపు చూసి, మాస్టారి ముందు కూర్చున్నారు.

"మాస్టారూ, ఈ మందు మీకెలా ఉందండీ?"

ఆయన, "కంచం చూస్తే భయమేస్తోందండీ" అన్నారు.

"మానేస్తే మమ్మల్ని మర్చిపోతారు కదండీ!" అన్నాడు ఏసుకుమార్.

"వాడినా ఎప్పటికో మర్చిపోతారు బాబూ. మానేస్తే ముందే మర్చిపోవచ్చు. మళ్ళీ మొదలుపెట్టినా పోయింది తిరిగొస్తుందని మాటివ్వలేను. మందుతో ఏం దక్కుతోందో, ఏం పోతోందో రెండూ తెలిస్తేనే నేను సాయం చెయ్యగలను."

కృపమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "నా పేరు కోసవండీ! ప్రార్థనలో నా పేరు వినబడుతోందని, ఈయన రోజూ కక్కుకుంటున్నా మీకు చెప్పలేదండీ."

ఏసుకుమార్ తల దించుకున్నాడు. డాక్టరు గారు కోప్పడలేదు, కృపమ్మ చెయ్యి పట్టుకున్నారు. "ఇప్పుడు చెప్పారుగా. మాస్టారు బావున్న రోజుల్లో ఈ మందు వాడాలా వద్దా అని అడిగితే ఏమనేవారో, అది ఆలోచించండమ్మా."

కృపమ్మకి ఆలోచించేదేమీ కనబడలేదు. కంచం ముందు ఆ మనిషి ఎలా ముడుచుకుపోతున్నారో రోజూ చూస్తూనే ఉంది. "మానిపించెయ్యండి" అంది.

మూడు వారాలు గడిచాయి. ఆ సాయంత్రం మాస్టారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, "కొరమీనేనాండీ?" అని అడిగారు. కృపమ్మ గబగబా వడ్డించింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆవిడ ఆశ చావక చెవులు రిక్కించింది.

"తండ్రీ, ఆకలేస్తోంది. అన్నం పెడుతున్న ఈ తల్లి ఎవరో నాకు తెలీదు, నీకు తెలుసు. ఈవిణ్ణి దీవించు. ఈవిడ పెనిమిటి ఎక్కడున్నాడో గానీ, క్షేమంగా ఇంటికి చేర్చు ప్రభువా."

"ఆమెన్" అంది కృపమ్మ. ఏవండీ అని పిలవబోయి, ఆపుకుంది.

"మాస్టారూ, పులుసు చల్లారిపోతోందండీ. తినండి."