ఒక్కరోజు కాపురం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దెకిచ్చి చూడు అనడం మాత్రం మరిచిపోయారు. అద్దెకిచ్చిన వాళ్ళయితే ముందు ఆ మాటే అనేవాళ్ళు. టైలరమ్మ మూడూ చేసింది. ముప్ఫై ఏళ్ళు ఆమె మిషను తొక్కి, ఆమె భర్త మేస్త్రి ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ కట్టి, మిగిల్చిన దాంతో లేపుకున్న మేడ అది. కింద తాము, పైన మూడు వాటాలు. ఆ వీధిలో అందరూ 'ఇల్లు అద్దెకివ్వబడును' అని బోర్డు వేలాడదీసేవాళ్ళే గానీ ఈ మేడకు ఆ అవసరం ఎన్నడూ రాలేదు.

దానికో కారణం ఉంది. వాటా ఖాళీ అయితే, కొత్తవాళ్ళకిచ్చే ముందు టైలరమ్మ తానే ఒక రోజు అందులో కాపురం ఉంటుంది. చాప, స్టవ్వు, రెండు గిన్నెలు పట్టుకుపోయి వండుకుంటుంది, స్నానం చేస్తుంది, నాలుగు బట్టలుతికి ఆరేస్తుంది, పడుకుని లేస్తుంది. ఏ కుళాయి కారుతోందో, ఏ తలుపు కిర్రుమంటోందో చూసుకుని, గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో తలుపు వెనకాల రాసిపెడుతుంది. కింద తేదీ వేస్తుంది. ఒక్కొక్కటే బాగుచేయించి కొట్టేస్తుంది. అన్నీ కొట్టేశాకే అద్దెకు.

"నేను కట్టిన ఇంటికి నువ్వు పరీక్షలు పెడుతున్నావే" అని మేస్త్రి నవ్వేవాడు. ఆ నవ్వులో కాస్త ఉక్రోషం కూడా ఉండేదిలెండి. కట్టిన గోడను మళ్ళీ పగలగొట్టిన చరిత్ర తనకు లేదని ఆయన గొప్ప.

ఇలా ఉండగా ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ లైసెన్సు ఉండాలి. మనిషి పడుకునే ప్రతి గదికీ బయటి గాలి వచ్చే కిటికీ ఉండాలి. ఒక్క గది తప్పినా ఇల్లంతా తప్పినట్టే, అద్దెవాళ్ళు నెల తిరక్కుండా ఖాళీ చేయాలి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వీధిలో ఇళ్ళవాళ్ళంతా ఎవరి గోడలు వాళ్ళు తడుముకున్నారు. ఒకాయన గోడ మీద కిటికీ బొమ్మ వేయించాడని కూడా అన్నారు, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. టైలరమ్మ మటుకు ఇది ఎప్పుడో రావాల్సిన చట్టమని మెచ్చుకుంది.

ఆ వారంలోనే మొదటి అంతస్తులో ఉండే నర్సు పేపరు పట్టుకుని కిందికి దిగింది. లోకల్ పేజీలో 'గాలి చొరని గదుల్లో అద్దె బతుకులు' అని ఇంత లావు అక్షరాలు. పక్కనే ఫొటో, ఈ మేడ పై అంతస్తులో కిటికీ లేని వెనక గోడ. ఏ విలేకరో వెనక సందులోంచి ఫొటో తీసుకుని, పైకెక్కి చూసే ఓపిక లేక, అందులో కుటుంబాలను కుక్కారని రాసేశాడు. మేస్త్రి ఇంతెత్తున లేచాడు. ఆ గోడ వెనక గదిలో బట్టల మూటలు తప్ప మనుషులెవరున్నారో చూపించమన్నాడు. టైలరమ్మ మాత్రం నోరు మెదపలేదు. నల్లా నీళ్ళు ఒక గంట ఆలస్యమైతే ఆఫీసుకు వెళ్ళి నిలదీసి వచ్చే మనిషి ఇంత మాట పడి ఊరుకుందేమిటా అని నర్సు ఆమె ముఖంలోకి చూసింది.

సంగతేమిటంటే, పదకొండేళ్ళ కిందట టైలరమ్మ చెల్లెలి ఇంటికి వెళ్ళి వచ్చేసరికి, పై అంతస్తులోని పెద్ద గదికి మేస్త్రి అడ్డంగా గోడ కట్టి రెండు గదులు చేశాడు. రెండు రోజులు ఎండలో ఇటుకలు తానే మోసుకుని, తానే సున్నం వేసి, "నీకో గది లాభం" అని తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. మర్నాడు ఆమె చాప పట్టుకుని ఆ వెనక గదిలోకి వెళ్ళింది. ఉన్న కిటికీ కాస్తా ముందు గదికి పోయింది. మధ్యాహ్నానికే ఊపిరాడక బయటికొచ్చింది. తలుపు వెనకాల రాయాల్సింది రాసి, తాళం వేసి, ఆ గది తన మూటలకు కావాలని మొగుడితో చెప్పింది. ఆయన నమ్మాడు. ఈ పదకొండేళ్ళలో ఆ తలుపు వెనక్కి ఆమె తప్ప ఎవరూ వెళ్ళలేదు.

సోమవారం ఇన్స్పెక్టరు వచ్చాడు. చేతిలో టేపు, చంకలో పేపరు కటింగు అంటించిన ఫైలు. వాటాలన్నీ చూశాడు, కిటికీలు తెరిచి మూసి చూశాడు, ఎక్కడా వంక దొరకలేదు. చివరికి ఆ తాళం ముందు ఆగాడు. అది స్టోరు గది అని మేస్త్రి చెప్పాడు.

"అందరూ స్టోరే అంటున్నారు మేస్త్రీ గారూ" అన్నాడు ఇన్స్పెక్టరు అలసటగా. "మొన్న చూసిన స్టోరులో నలుగురు పడుకుని ఉన్నారు. తెరవకపోతే అద్దె గదనే రాసుకోమని మాకు ఆర్డరు."

అలా రాస్తే లైసెన్సు రాదు. నర్సు, ఆమె ముసలి అత్తగారు, మిగతా రెండు కుటుంబాలు నెలలో సామాన్లు సర్దుకోవాలి. తెరిస్తే తలుపు వెనక రాత ఉంది. టైలరమ్మ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది. తాళంచెవి ఆమె నడుముకే ఉంది. మెట్ల మీద నర్సు అత్తగారు రెయిలింగు పట్టుకుని తననే చూస్తోంది. టైలరమ్మ తాళం తీసింది.

లోపల మూటలే ఉన్నాయి. వెలుతురెంత వస్తుందో చూడాలి కాబట్టి ఇన్స్పెక్టరు మేస్త్రిని కూడా లోపలికి పిలిచి తలుపు మూశాడు. చిమ్మచీకటి. టార్చి వెలిగించేసరికి ఎదురుగా తలుపు, తలుపు మీద సుద్ద రాత. ఇన్స్పెక్టరు పైకే చదివాడు. బయట నిలబడ్డ టైలరమ్మకు ఒక్కో మాటా వినబడింది.

"గాలి లేదు. వెలుతురు లేదు. మనిషికి పనికిరాదు. ఎవరికీ ఇవ్వకూడదు. ఆయనకు చెప్పకూడదు."

కింద తేదీ ఉంది, పదకొండేళ్ళ నాటిది. ఒక్కటీ కొట్టేసి లేదు.

తలుపు తెరుచుకుంది. ఇన్స్పెక్టరు మెట్ల దగ్గరికి వెళ్ళి ఫైలులో ఏదో రాసుకుంటూ నిలబడ్డాడు, మొగుడూ పెళ్ళాల మధ్య ఉండకూడదని తెలిసినవాడు. మేస్త్రి గడప మీద ఆగాడు.

"పదకొండేళ్ళా?" అన్నాడు.

"మీరు నాకోసమని కట్టారు. ఏ నోటితో చెప్పమంటారు?" అంది ఆమె.

ఆయన వెనక్కి తిరిగి ఆ గోడను అరచేత్తో తడిమి చూశాడు. తర్వాత ఇన్స్పెక్టరును పిలిచి, గోడ కట్టింది తానని, తప్పు తనదని, ఇందులో తన భార్య తప్పు ఆవగింజంత కూడా లేదని రాసుకోమన్నాడు. అదంతా తలుపు మీదే ఉందని, తాను వేరే రాయక్కర్లేదని అన్నాడు ఇన్స్పెక్టరు. గది మూటలకే గనక ఇంటికి లైసెన్సు ఖాయమన్నాడు. నర్సు అత్తగారు మెట్ల మీదే కూలబడి కళ్ళు తుడుచుకుంది.

పేపర్లో సవరణ వేశారు, చీమ తలకాయంత అక్షరాల్లో. అదెవరు చదివారో గానీ, వీధిలో అందరికీ మేస్త్రి నోటే సంగతి తెలిసింది. "నా గోడని మా ఆవిడ పదకొండేళ్ళ కిందటే ఫెయిల్ చేసింది. చట్టం ఇప్పుడొచ్చింది" అని ఛాతీ విరుచుకుని కనబడ్డవాడికల్లా చెప్పాడు. ఆ మాటలు చెవిన పడ్డప్పుడల్లా టైలరమ్మకు మిషను మీద చెయ్యి ఆగేది. ఇన్నాళ్ళూ ఆయన గొప్పను తాను కాపాడుతున్నాననుకుంది. ఆయన తాననుకున్నదానికన్నా గొప్పవాడు.

వారం తిరక్కుండా మేస్త్రి ఆమె సుద్ద అడిగి తీసుకుని వెనక గోడ మీద నలుచదరం గీశాడు, ఉలీ సుత్తీ పట్టుకుని తన గోడను తానే పగలగొట్టాడు. కిటికీ కూర్చున్న రోజున వెనక సందులోని గాలంతా గదిలోకి వచ్చింది. నర్సు చెల్లెలికి ఇల్లు కావాలి, గది ఇచ్చేద్దామా అని అడిగాడు.

"ముందు ఒక రోజు ఉండి చూడాలి" అంది టైలరమ్మ.

ఆయన రెండు చాపలు చంకన పెట్టుకుని ముందు నడిచాడు.

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి మేస్త్రి తలుపు దగ్గర గొంతుకూర్చుని ఉన్నాడు. పాత రాతలు అయిదూ కొట్టేసి ఉన్నాయి. వాటి కింద, ఇటుకల లెక్క తప్ప ఏదీ రాసి ఎరగని వంకర అక్షరాలతో, కొత్తగా ఒకటి రాస్తున్నాడు.

"కిటికీ గడియ బిగువు. ఆమెకు చెప్పాలి."