శవం అందించిన మాట

క్లైవ్ పార్గెటర్ పాదాలకు రంగు పూసుకుంటున్నాడు. ముందు బూడిదరంగు, దానిమీద పలచగా నీలం. ఆఖరి అంకంలో అతను సోఫామీద దుప్పటి కింద శవం. ప్రేక్షకులకు కనిపించేవి పాదాలే. అయినా మడమల వెనక కూడా వదలకుండా పూసేవాడు.

సముద్రపు ఒడ్డున ఆ చిన్న నాటకశాలలో మధ్యాహ్నం ఆట. రూపర్ట్ హాలమ్ గదిలోకి తొంగిచూశాడు. ఇరవై ఏళ్లు టీవీలో ఇన్‌స్పెక్టర్‌గా వెలిగిన మనిషి. ఈ నాటకంలోనూ ఇన్‌స్పెక్టరే, అదే బూడిదరంగు టోపీ.

"ఏరా శవం, తయారా? టీవీ వాళ్లు వచ్చి కూర్చున్నారు. సీరియల్ మళ్లీ మొదలెడతారట. ఇవాళొక్కరోజు నన్ను వదిలెయ్యకురా."

"ఎప్పుడైనా వదిలేశానా?" అన్నాడు క్లైవ్.

రూపర్ట్‌కు ఈమధ్య మాటలు గుర్తుండడం లేదు. తెర పక్కనుంచి అందిస్తే వినిపించడం లేదు. అందుకే సోఫాను ఆనుకుని నిలబడతాడు. దుప్పటి కిందనుంచి శవం మాటలు అందిస్తుంది. ఆ సంగతి నాటకం వాళ్లకు తప్ప బయట ఎవరికీ తెలియదు.

అతను వెళ్లాక, దుస్తులు చూసే డోరీన్ నవ్వింది. "ఆయన బుర్ర నువ్వేనయ్యా. జీతం మాత్రం కాళ్లకిస్తున్నారు."

క్లైవ్ నవ్వలేదు. ఆ సీరియల్ మొదట్లో ఇన్‌స్పెక్టర్ పక్కన సార్జెంటు అతనే. వీధిలో జనం రూపర్ట్ కంటే ముందు అతన్నే గుర్తుపట్టేవారు. అప్పుడు రూపర్ట్ నిర్మాతల చెవిలో ఓ మాట వేశాడు: "పాపం, పొద్దున్నే తాగొస్తున్నాడు." క్లైవ్ చుక్క ముట్టడు. తర్వాతి వారమే కథలో సార్జెంటును రేవులో కాల్చి పారేశారు. అది మొదలు అతనికి దక్కినవన్నీ తలుపు తీసే నౌకర్లు, పోస్ట్‌మాన్లు, శవాలు.

ఆఖరి అంకం. రూపర్ట్ టోపీ సర్దుకున్నాడు.

"హత్య చేసిందెవరో నాకు తెలుసు. హంతకుడు..."

ఆగిపోయాడు. దుప్పటి అంచు సందులోంచి క్లైవ్‌కు అతని బూట్లు కనిపించాయి. సోఫా దగ్గరకు జరిగాయి.

తోటి నటుడికి మాట అందించకపోవడం వాళ్లలో మహాపాపం. క్లైవ్ అందించాడు.

"నేనే."

"నేనే!" అన్నాడు రూపర్ట్, ఖంగుమనే గొంతుతో.



"వాడు తాగుతాడని అబద్ధం చెప్పి..." అంది శవం.

"వాడు తాగుతాడని అబద్ధం చెప్పి..."

ఆ మాట మధ్యలోనే రూపర్ట్ గొంతు పడిపోయింది. క్లైవ్ తనచేత ఏం చెప్పిస్తున్నాడో అర్థమైంది. ఎక్కడో ఓ ముసలావిడ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు వరస వరసకూ పాకి హాలు ఘొల్లుమంది. ఆ గోలలో, ఎవరూ అందించని మాట ఒకటి రూపర్ట్ నోట క్లైవ్‌కు మాత్రమే వినిపించింది.

"నాకంటే బాగా చేసేవాడు."

తెర దించేశారు.

క్లైవ్ కాళ్లు కడుక్కుంటూ కిటికీలోంచి చూశాడు. టీవీ వాళ్ల కారు లేదు. ముఖానికి రంగు తుడుచుకోకుండానే రూపర్ట్, వట్టి తలతో, వానలో స్టేషన్ వైపు నడిచిపోతున్నాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని క్లైవ్ ఆశపడ్డాడు. చూడలేదు.

డోరీన్ వచ్చింది. ఇప్పుడు నవ్వడం లేదు.

"సాయంత్రం ఆటకి ఇన్‌స్పెక్టరు నువ్వేనట. ఆ మాటలు ఇంకెవరికొచ్చు?" అని చేతిలోది బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

బూడిదరంగు టోపీ. లోపలి పట్టీ చెమటకు ఇంకా తడిగానే ఉంది.