గీత కింద మొదటి పేరు

“నీది కూడా ఎందుకు ఇస్త్రీ చేస్తున్నావ్ ఇప్పుడు?” అన్నాడు భర్త, గదిలోకి తల పెట్టి. అందులో వెటకారం ఏమీ లేదు. కరెంటు దండగ కదా అన్నట్టు మామూలుగా అన్నాడు. అందుకే ఆమెకి ఇంకా ఎక్కువ మండింది.

బల్ల మీద రెండు తెల్ల చొక్కాలున్నాయి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే విమాన సంస్థలో కో పైలట్లు. రెండు నెలల కిందట సంస్థ తన పైలట్ల జాబితాలో ఒక గీత గీసింది. ప్రయాణికులు తగ్గారట, విమానాలు ఎండలో ఊరికే పడున్నాయట. గీతకి పైనున్నవాళ్ళు ఎగురుతారు, కిందున్నవాళ్ళకి ఫర్లో. అంటే ఉద్యోగం పోయిందని ఎవరూ అనరు, జీతం మాత్రం రాదు, మళ్ళీ పిలిచేదాకా ఇంట్లో కూర్చోవాలి. ఆ పిలుపు ఏడాదికి రావచ్చు, మూడేళ్ళకి రావచ్చు, రాకనూ పోవచ్చు. జాబితాలో భర్త గీతకి బాగా పైనున్నాడు. ఆమె గీత కింద మొదటి పేరు.

ఎవరు బాగా నడుపుతారన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఎవరు ముందు చేరారన్నదే లెక్క. ముందు చేరినవాడు ముందు కెప్టెన్ అవుతాడు, వెనక చేరినవాడు ముందు ఇంటికి పోతాడు. లేకపోతే సంగతి వేరేగా ఉండేది. ఇద్దరూ ఒకే చోట విమానం నడపడం నేర్చుకున్నారు. ఆమె కిందికి దింపితే చక్రాలు నేలకి తగిలిన సంగతి ఎవరో చెప్తే తప్ప తెలిసేది కాదని గురువుగారు ఆమెకి దూది అని పేరు పెట్టాడు. అతనికి పెట్టిన పేరు దబేల్. ఎందుకో చెప్పక్కర్లేదు. ఇప్పుడు దబేల్ గారు ఆకాశంలో, దూదమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర.

నిజానికి ఇద్దరికీ ఒకే బ్యాచ్‌లో పిలుపు వచ్చింది. ఆ రోజుల్లో పైలట్లకి ఎంత కరువంటే, లైసెన్సు చేతిలో ఉంటే చాలు, పిలిచి కూర్చోబెట్టేవాళ్ళు. ఇంకో ఇరవై ఏళ్ళు ఇదే గిరాకీ అని టీవీలో పెద్దమనుషులు గొంతు చించుకునేవాళ్ళు. పిల్ల అప్పటికి పాలు తాగుతోంది. శిక్షణకి ఇద్దరూ వేరే ఊరు పోవాలి. “తల్లి బతికుండగా చంటిదాన్ని నేనెందుకు పెట్టుకోవాలమ్మా?” అంది అత్తగారు. “ఒక్క బ్యాచేగా దూదీ, తర్వాతదాంట్లో చేరు. ఎక్కడికి పోతుంది ఉద్యోగం?” అన్నాడు భర్త. అతను తర్వాతదాంట్లో చేరొచ్చన్న ఆలోచన ఆ గదిలో ఎవరికీ రాలేదు. నిజం చెప్పాలంటే ఆమెకీ రాలేదు. ఆ తర్వాత బ్యాచ్ వాయిదా పడింది, మళ్ళీ పడింది. ఈలోగా వేరే సంస్థల నుంచి జనం తోసుకొచ్చి చేరిపోయారు. ఆమె చేరేసరికి మొగుడికీ పెళ్ళానికీ మధ్య వరసలో ఓ పెళ్ళిపందిరి నిండేంత మంది ఉన్నారు.

గీత పడిన వారానికి ఒక రోజు, ఇలాగే చొక్కా మడత పెట్టబోతూ ఆగింది. అతను ముందురోజు వేసుకుని విడిచిన చొక్కా కుర్చీ మీద ఉంటే తీసి ముఖానికి ఆనించుకుంది. కాక్‌పిట్ వాసన. వేడెక్కిన తీగలు, చల్లారిన కాఫీ, పొద్దంతా ఎండ సోకిన అద్దాల దగ్గర కూర్చున్న మనిషి చెమట. ఆమె ఒంటికీ అదే వాసన ఉండేది. పొద్దున్న మేఘాల మీదికి తేలగానే కాక్‌పిట్‌లోకి వచ్చిపడే ఆ వెలుతురు ఇక అతను ఒక్కడే చూస్తాడు. చూసి, ఫోన్‌లో ఫొటో తీసి, ఆమెకే పంపిస్తాడు కూడా.

అత్తగారు సరిగ్గా అప్పుడే వచ్చింది. కోడలు చొక్కా వాసన చూడటం చూసింది. పాపం, ఆవిడ ముఖం పాలిపోయింది. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

“మావాడు అలాంటివాడు కాదమ్మా. ఆ గాలిమోటార్లో ఆడపిల్లలు నవ్వుతూ మాట్లాడతారు, అది వాళ్ళ ఉద్యోగం. నువ్వు లేనిపోనివి మనసులో పెట్టుకోకు.”

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆడదాని వాసనే అయితే ఎంత బాగుండును! ఇల్లు పీకి పందిరేసి ఉండేది. నలుగురూ వచ్చి న్యాయం చెప్పేవాళ్ళు, అతను కాళ్ళు పట్టుకునేవాడు. మొగుడు తన పని తాను చేసుకుంటున్నాడని పెళ్ళాం ఏడిస్తే ఎవరు వచ్చి ఏం చెప్తారు?

పైలట్ల సంఘంవాళ్ళు సంస్థతో పోట్లాడి ఒక దారి తెచ్చారు. గీతకి పైనున్నవాళ్ళలో ఎవరైనా ఏడాది జీతం లేని సెలవు తీసుకుంటే, వాళ్ళ వరస వాళ్ళకి ఉంటుంది, కిందివాళ్ళలో ఒకరు మిగులుతారు. మొదట మిగిలేది ఆమే. ఒక్కరు చాలు. ఆ రోజు అన్నాల దగ్గర మెల్లిగా అడిగింది.

“నేనా?” అన్నాడు. ముద్ద అలాగే ఉంది చేతిలో. “ఏడాది ఎగరకపోతే చెయ్యి తప్పిపోతుంది, నీకు తెలియనిదేముంది? పైగా కెప్టెన్ వరస దగ్గరపడింది. ఇద్దర్లో ఒకరిదైనా నిలబడిందని సంతోషించాలి.”

“మగాడు ఇంట్లో కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు?” అంది అత్తగారు. “నీకంటే పిల్లుంది. దానికీ అమ్మ దగ్గరుంటుంది. అంతా మన మంచికే.”

చెయ్యి తప్పిపోతుందట. ఆమె అతనికి కూర వడ్డిస్తున్న తన చేతిని చూసుకుంది. ఇది మాత్రం గరిటె తిప్పుతూ ఎన్నేళ్ళయినా చెక్కుచెదరకుండా ఉంటుంది కాబోలు. ఆ సెలవుకి ఇంకెవరూ ముందుకి రాలేదు. పెళ్ళాం పేరే మొదట ఉంది కదా, దబేలే పెడతాడులే అని అందరూ ఊరుకున్నారట. గడువు దాటిపోయింది.

గడువు దాటిన మర్నాడే ఆమె ఒక సరుకు రవాణా సంస్థకి దరఖాస్తు పెట్టింది. జనం ఎక్కడం మానేసినా పార్సిళ్ళు మానలేదు. వాళ్ళకి విమానాలు పెరుగుతున్నాయి, మనుషులు చాలడం లేదు. అతను డ్యూటీలో ఉన్న రోజు చూసి, పిల్లని అత్తగారికి అప్పగించి, వెళ్ళి పరీక్షకి కూర్చుంది. సిమ్యులేటర్లో, అంటే నేల మీది ఉత్తుత్తి విమానంలో, ఒక ఇంజిన్ ఆపేసి, పక్కగాలి పెట్టి దింపమన్నారు. దింపింది. “మా పార్సిళ్ళకి ఇంత మర్యాద అలవాటు లేదమ్మా,” అన్నాడు పక్కన కూర్చున్న ముసలి కెప్టెన్. తిరుగు దారిలో బస్సులో కిటికీ వైపు తిరిగి ఆమె తనివితీరా ఏడ్చింది.

ఈ పొద్దున పిలుపు వచ్చింది. అందుకే రెండో చొక్కాకి ఇస్త్రీ. ఆ మాటే అతనికి చెప్పింది.

“పార్సిళ్ళ విమానమా?” భర్త గదిలోకి పూర్తిగా వచ్చేశాడు. “పెట్టెలు మోస్తావా? అదీ వేరే ఊళ్ళో? నాకు ఒక్క మాట చెప్పాలని లేదా?”

“చెప్పాను. అన్నాల దగ్గర.”

“అది వేరు, ఇది వేరు. మా అమ్మ చెప్పింది, నా చొక్కాలు వాసన చూస్తున్నావట. ఎవరి మీద నీ అనుమానం?”

“ఎవరి మీదా లేదు. నిన్ను చూసి కుళ్ళుకుంటున్నాను,” అంది. “నువ్వు టోపీ పెట్టుకుని గడప దాటిన ప్రతిసారీ ఓర్వలేక చచ్చిపోతున్నాను. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నీ మీద ఉన్న ఇష్టం కూడా మిగలదు. అందుకే వెళ్తున్నాను.”

అతనికి పెళ్ళాం ఏడిస్తే ఓదార్చడం తెలుసు, అరిస్తే బయటికి పోవడం తెలుసు. ఇలా నింపాదిగా మాట్లాడితే ఏం చెయ్యాలో తెలియలేదు.

“మరి పిల్ల?”

“పిల్లకి నాన్న ఉన్నాడు, నానమ్మ ఉంది. శిక్షణ అయ్యేదాకా సెలవులు మార్చుకుంటావో, ఎవరినైనా పెట్టుకుంటావో చూసుకో. తర్వాత సంగతి ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం.”

అతను మంచం అంచున కూలబడ్డాడు. సంస్థలో గీత ఇంకా పైకి జరుగుతుందని నాలుగు రోజులుగా పుకారుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కానీ అతనికీ సరిగ్గా నిద్ర పట్టడం లేదు. చొక్కా వైపు చూసి, ఏదో మాటవరసకన్నట్టు అడిగాడు:

“అక్కడ కెప్టెన్ని ఎన్నాళ్ళకి చేస్తారట?”

“రెండేళ్ళకంటున్నారు.”

“రెండేళ్ళకేనా?”

ఆ గొంతులో ఉన్నదేమిటో ఆమెకి బాగా తెలుసు. ఆ మంట ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతుందో కూడా తెలుసు. సంతోషించలేదు, జాలీ పడలేదు. చొక్కా మడిచి పెట్టెలో పెట్టుకుంది.

“ఇంకా మనుషుల్ని తీసుకుంటున్నారు. కావాలంటే నువ్వూ రావచ్చు,” అంది. “కాకపోతే వరసలో నా వెనక నిలబడాలి.”