బొమ్మకు పక్క వేసిన పెట్టె

మంచం చుట్టూ సన్నటి దీపాల పట్టీ అతికించి మా మరిది మీట నొక్కేసరికి గది మెత్తగా వెలిగింది. పాప చప్పట్లు కొట్టింది. నాకూ ముచ్చటేసింది, కాదనను. గోడలోంచి వచ్చే కరెంటును పన్నెండు వోల్టులకు దించే పెట్టె మాత్రం మంచం కాళ్ల దగ్గర నేల మీదే ఉండిపోయింది.

"ఈ దీపాల కరెంటుకి నాలుక ఆనించినా ఏం కాదు వదినా."

"అయితే ముందు నువ్వు ఆనించు."

నవ్వేశాడు. నాలుకైతే బయటికి రాలేదు.

మర్నాడు పాప కొత్త ఆట మొదలుపెట్టింది. ఆ పెట్టె మీద బొమ్మను పడుకోబెట్టి, పాత తువ్వాలు కప్పి, పక్కన బోర్లా పడుకుని జోకొడుతోంది. తీసి అవతల పెడితే మళ్లీ అక్కడికే తెస్తుంది. "బుజ్జికి చలి," అంటుంది. గదినిండా ఎండ పడుతుంటే చలేమిటి?

మూడోసారి తువ్వాలు లాగేస్తుంటే పెట్టెకు చెయ్యి తగిలింది. వెచ్చగా ఉంది. దీపాలు పొద్దున్నే ఆర్పేశాను కదా! మీట చూశాను. ఆపే ఉంది.

"దీపాలు ఆరిపోయాయిగా, ఇంకేం కావాలి?" అంది అత్తయ్య, తరుగుతున్న కూర మీంచి తల ఎత్తకుండానే. "ప్రతిదానికీ హడలి చస్తావు!"

మా ఆయనకు ఫోన్ చేస్తే పనిలో ఉన్నాను, తమ్ముణ్ణే అడుగు అన్నాడు.

నా చదువు ఎనిమిదితో ఆగింది. కానీ వైరు ఎటునుంచి ఎటు పోతోందో చూడ్డానికి కళ్లు చాలు. గోడ, పెట్టె, ఆ తర్వాత మీట, ఆఖర్న దీపాలు. మీట నొక్కితే ఆగేది దీపాలే, పెట్టె ఆగదు. రాత్రీ పగలూ గోడ కరెంటు దాన్లోకి పోతూనే ఉంది. దాని మీద నా కూతురు గుడ్డ కప్పుతోంది.

ప్లగ్గు పీకేద్దామంటే బీరువా వెనకుంది. పోయి మెయిన్ ఆపేశాను.

"ఫ్యాను ఆపిందెవరే?" వంటింట్లోంచి అత్తయ్య కేక.

ఆ కేకకే మరిది పరిగెత్తుకొచ్చాడు. "మెయిన్ ఎందుకాపావు వదినా? ఉడికిపోతున్నాం."

"నీ పెట్టె ఆగాలంటే ఇల్లంతా ఆపాల్సొచ్చింది నాయనా."

సంగతి విని తల గోక్కున్నాడు. "సన్న వైరు మీదైతే మీట పెట్టడం తేలికని అక్కడ పెట్టేశా. గోడ స్విచ్చుకి కలపాలంటే బీరువా జరపాలి కదా..."

"జరుపు. నేనూ ఓ చెయ్యి వేస్తా."

జరిపాం. కలిపాడు. ఇప్పుడు స్విచ్చు ఆపితే పెట్టెకే కరెంటు రాదు. మెయిన్ వేశాక ఆ స్విచ్చు ఆపే ఉంచి, ఆగి ఆగి వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. పాలు పొయ్యి మీద పెట్టి ఒకసారి, దించి ఒకసారి. చల్లగానే ఉంది. పాప కూడా తడిమింది. మూతి ముడుచుకుని, బొమ్మను చంకనేసుకుని వెళ్లిపోయింది. అమ్మయ్య అనుకున్నాను.

సాయంత్రం దీపాలు వేశాం, పెట్టె మళ్లీ వెచ్చబడింది. కాసేపటికి మరిది బయటికి పోదామని చెప్పులు వేసుకుంటుంటే, పాప తువ్వాలు ఈడ్చుకుంటూ మళ్లీ మంచం కాళ్ల వైపు నడిచింది. స్విచ్చు ఆపేసి పాపను ఎత్తుకున్నాను.

"నాయనా, ఆ చెప్పులు విప్పు. పెట్టెను దీనికి అందనంత ఎత్తున గోడకు బిగించాలి."

"ఇప్పుడా వదినా?"

"బొమ్మ పడుకోకముందే."