కనకం గొంతు

భువనేశ్వరి కొళంబు పులుసుకు పోపు వేస్తుండగా ఫోనులో ఆడియో ఒకటి వచ్చింది. కింద సుష్మిత ఇలా రాసింది: "ఆంటీ, ఇవాళ సెమినార్లో ఈ ముక్కే వినిపిస్తున్నాను. ఆవిడ గొంతు ఎలా వణికిందో వినండి."

సుష్మితది యానాం. కాలాపేట యూనివర్సిటీలో, శ్రీలంక నుంచి వచ్చిన తమిళ శరణార్థుల మీద పరిశోధన చేస్తోంది. తమిళం రాదు. అందుకే ఎవరో చెబితే ఉప్పళంలో భువనేశ్వరి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తాతల నాటినుంచీ అంతే. ఇద్దరూ కలిసి వైతికుప్పం వెళ్లి, అక్కడ కూతురి ఇంట్లో ఉన్న శరణార్థి కనకంతో మాట్లాడారు. పేరు బయటపెట్టబోమని మాటిచ్చాకే కనకం తన గొంతు రికార్డు చేసుకోనిచ్చింది.

భువనేశ్వరి ఫోను చెవికి ఆనించుకుంది. కనకం తమిళంలో తగ్గుస్వరంతో చెబుతోంది:

"నేనిక్కడున్నట్టు శరణార్థుల శిబిరంలో తెలీదక్కా. హాజరు రోజున చెల్లెలు నా బదులు సంతకం పెడుతోంది. కూతురికి నెలలు నిండాయి, ఎలా వదిలిపోను? తెలిస్తే ఇద్దరి శరణార్థి కార్డులూ తీసేస్తారు."

ఆవాలు మాడిపోయాయి.

రికార్డు చేసిన రోజు, శ్రీలంకలో తల్లిని ఒడ్డున వదిలి పడవెక్కిన సంగతి చెప్పి, కనకం కళ్లు తుడుచుకుంది. కూతురు టీ తేవడానికి లోపలికి వెళ్లగానే భువనేశ్వరి వైపు వంగి ఈ మాటలంది. "ఏమంటున్నారు ఆంటీ?" అని సుష్మిత అడిగితే, "ఏం లేదులేమ్మా, ఇంటి సంగతి" అంది భువనేశ్వరి. సాటి ఆడది చెవిలో వేసిన మాట మూడో మనిషికి చేర్చే అలవాటు ఆమెకు లేదు. ఇప్పుడు ఆ పిల్ల పడవ మాటలనుకుని రికార్డులోంచి వీటిని కత్తిరించుకుంది.

సుష్మితకు ఫోను చేస్తే స్విచ్చాఫ్. శరణార్థుల పనులు చూసే ఆఫీసరు కూడా సెమినారుకు వస్తున్నాడని సుష్మిత నిన్ననే గొప్పగా చెప్పింది.

"ఏంది, యాడికి బయల్దేరినావు? కొళంబు?" అన్నాడు భర్త శ్రీనివాసన్.

"మాడిపాయ. పెరుగేసుకొని తినండి."

"రిసెర్చి నీదా, ఆ పిల్లదా?"

ఆమె చెప్పులేసుకుంది.

బస్సు దారిలో ప్రతి జాలరి కుప్పం దగ్గరా ఆగింది. ఖాళీ చేపల గంపలతో ఆడవాళ్లు తీరిగ్గా ఎక్కారు. భువనేశ్వరి మళ్లీ మళ్లీ ఫోను చేసింది. వెళ్లి ఏమని ఆపాలి? ఎందుకు వద్దో చెబితే కనకాన్ని తన నోటితోనే పట్టించినట్టవుతుంది. చెప్పకపోతే ఎవరు ఆపుతారు? హాల్లో అందరికీ తమిళం వచ్చు, ఒక్క సుష్మితకు తప్ప.

ఆమె తలుపు తోసేసరికి సుష్మిత వేదిక మీదే ఉంది. వెనక తెర మీద పడవ గురించి భువనేశ్వరి తెలుగు చేసి చెప్పిన మాటలు ఇంగ్లీషులో కనిపిస్తున్నాయి. ముందు వరసలో ఆఫీసరు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. సుష్మిత చెయ్యి లాప్‌టాప్ మీదికి వెళ్లింది.

"సుష్మితా, వద్దు! ఆపు!"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. "ఎవరమ్మా మీరు?" అన్నారు ప్రొఫెసరు, తమిళంలో.

భువనేశ్వరి వేదిక వైపు నడిచింది. "ఈ పిల్లకు మాటలు తెలుగులో చెప్పింది నేనే సార్. నేను చెప్పిన దాంట్లో తప్పుంది. సరిచేసేదాకా వినిపించకూడదు."

ఎవరో నవ్వారు. ఆఫీసరు పెన్ను మూత పెట్టాడు. సుష్మిత ఎర్రబడ్డ ముఖంతో తెర ఆపేసింది.

వరండాలోకి రాగానే విరుచుకుపడింది. "పరువు తీసేశారు ఆంటీ! అందరి ముందూనా? తప్పుంటే నిన్న చెప్పొచ్చు కదండీ!"

"నిన్న పంపించినావా నువ్వు? ఆమె ఏం చెప్తా ఉందో నీకు తెల్సునా?"

భువనేశ్వరి చెప్పింది విన్నాక సుష్మిత మెట్ల మీద కూలబడింది. "నేను గొంతే చూశాను ఆంటీ. ఏడుస్తుంటే ఇదే ఆ ముక్క అనుకున్నాను."

అంతలో భువనేశ్వరికి కనకం ఫోను చేసింది. ఆమె గొంతులో సంబరం.

"విన్నారా అక్కా? పెద్దవాళ్లందరూ నా మాట విన్నారా? బాగా చెప్పానా?"

"వినలేదు కనకం. నేనే ఆపేశాను." భువనేశ్వరి ఎందుకో చెప్పింది.

అవతల కొళాయి కింద బిందె నిండి పొర్లుతున్న చప్పుడు వినిపించింది.

"అది కూడా పట్టుకుందా ఆ మిషను?" అంది కనకం. తర్వాత ఇంకా నెమ్మదిగా, "ఎవరెవరి దగ్గరుంది అక్కా అది?"

భువనేశ్వరి అదే ప్రశ్న తెలుగులో అడిగింది, ఒక్క మాటా వదలకుండా.

సుష్మిత ఫోను ఆన్ చేసి, తాను ఎవరెవరికి పంపిందో చూసుకోవడం మొదలుపెట్టింది. ఆమె వేలు తెర మీద పేర్లను పైకి జరుపుతూనే ఉంది.