రష్యా రాకెట్టూ ఊరిగాం పైపూ

బంగారు గనుల ఊరు ఊరిగాంలో పుట్టి పెరిగినవాడికి భూమి ఎప్పుడు దగ్గుతుందో, ఎప్పుడు తుమ్ముతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. కంపెనీ కట్టిన లైను ఇళ్ళలో గిన్నెలు కూడా ఆ విద్య నేర్చుకున్నాయి. గని లోపల బండ పగిలి ఏర్‌బ్లాస్టు అయిందంటే, అటక మీది చెంబు నేల తాకేలోపే ఆడవాళ్ళు కొంగు దోపుకుని గనిలోకి దిగే షాఫ్టు దారి పట్టేవారు. ఎక్కడ, ఎంతమంది అనేది అక్కడికి పోయాక అడిగేది. గనులు మూతపడ్డాయి, అడుగున నీళ్ళు నిండాయి, ఏళ్ళు గడిచాయి. ఆ సంగతి కాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇల్లు ఒక్కసారిగా అదిరింది. పెంకులు గలగలమన్నాయి. ఊపిరి తీసుకునేలోపు ఇంకోసారి ఢమ్మంది. సొన్నప్ప చేతిలోని కాఫీ సగం పంచె మీద పడింది. కాలిందో లేదో కూడా చూసుకోలేదు. లేచి పరుగెత్తాడు.

లైనంతా పరుగెత్తుతోంది. వాళ్ళది పాత అలవాటు కొద్దీ వచ్చిన భయం. సొన్నప్పది అట్లాంటిది కాదు. అతని అల్లుడు వెంకటేశప్ప పొద్దున్నే మూసేసిన గనిలోకి దిగాడు. పాత రాగి కేబులు కోసి తెచ్చుకుందామని. దిగడం నేరం, దొరికితే జైలు. షాఫ్టు పక్కన లోపలికి దిగే ఏటవాలు దారికి అడ్డంగా కట్టిన గోడ ఎక్కడ కూలిందో, లోపల నిచ్చెన ఎక్కడుందో చెప్పింది సొన్నప్పే. ముప్పై ఏళ్ళు ఆ గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టినవాడు మరి. కూతురు చెన్నమ్మకు మాత్రం, బంగారుపేటలో పెయింటు పని దొరికిందని మామా అల్లుళ్ళిద్దరూ కలిసి ఒకే అబద్ధం చెప్పారు.

అతను షాఫ్టు గేటు దగ్గరికి చేరేసరికే జనం తుప్పు గేటు పట్టుకుని నిలబడ్డారు. లోపల ఎవరూ ఉండరని అందరికీ తెలుసు, అయినా లైనులోని రామక్క అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. సొన్నప్ప ఎవరినీ పలకరించకుండా ఏటవాలు దారి వైపు నడిచాడు. అక్కడ పాత గాలి పైపొకటి నేలలోంచి పైకొచ్చి ఉంది. వెనకటి రోజుల్లో లోపల చిక్కుకున్నవాడు చేతికందిన ఇనుముతో ఆ పైపును కొట్టేవాడు, పైవాళ్ళు చెవి ఆనించి వినేవారు. సొన్నప్ప మోకాళ్ళ మీద కూలబడి చెవి ఆనించాడు. తన రక్తం హోరు తప్ప ఏమీ వినబడలేదు.

అంతలో హైస్కూల్లో సైన్సు చెప్పే ప్రహ్లాద మేష్టరు స్కూటరు మీద నవ్వుకుంటూ వచ్చాడు. ఇళ్ళలో ఉన్నవాళ్ళు చూడలేదు గానీ ఆయన మిద్దె మీద నిలబడి అంతా చూశాడట. పడమట నుంచి తూర్పుకు నిప్పుల రైలొకటి పెట్టెలు విడిపోతూ ఆకాశమంతా పాకిందట. అది ఏర్‌బ్లాస్టు కాదు, రష్యావాళ్ళ రాకెట్టు ముక్క అని చెప్పాడు. నాలుగు రోజుల కిందట పేపర్లో పడిందట, వాళ్ళు ఉపగ్రహాన్ని పంపారని.

జనం ఆయన చుట్టూ మూగారు. మేష్టరుకు అంతమంది శిష్యులు బడిలో కూడా ఎప్పుడూ దొరకలేదు. ఆయన వివరంగా మొదలుపెట్టాడు. నడుమ ఒక పొడుగాటి గొట్టం, దాని నడుము చుట్టూ నాలుగు గొట్టాలు. అన్నింట్లోనూ కిరసనాయిలే, దాన్ని మండించడానికి ప్రాణవాయువును చల్లబరిచి నీళ్ళలాగా చేసి పోస్తారు. అయిదూ ఒకేసారి అంటుకుంటాయి. చుట్టూ ఉన్న నాలుగూ ఖాళీ కాగానే విడిపోయి మనుషుల్లేని అడవుల్లో పడతాయి. తర్వాత నడుమది. దాని నెత్తిన ఉన్న మూడో అంతస్తు ఉపగ్రహాన్ని పైకి చేర్చి, తన పని అయిపోయాక ఖాళీ డబ్బాలాగా భూమి చుట్టూ తిరుగుతూ రోజుకింత కిందికి జారుతుంది. ఎప్పుడో ఒకప్పుడు గాలి తగిలి భగ్గుమంటుంది. శబ్దానికంటే జోరుగా వస్తుంది గనక ఆ మోత. వానలెప్పుడొస్తాయో చూడడానికి, ఓడలకు దారి చూపడానికి, అన్నిటికీ ఇట్లాంటివే పంపుతారు.

"అంటే పనైపోతానే పారేస్తారన్నమాట," అన్నాడు జనంలోంచి గంగప్ప. "మన కంపెనీవోళ్ళ దగ్గర నేర్చుకున్నట్టుండారు."

జనం నవ్వారు. రామక్క కూడా కళ్ళు తుడుచుకుని, రష్యావాళ్ళకు చెత్త పొయ్యడానికి మా లైనే దొరికిందా అని తిట్టింది. భయం వదిలిన నవ్వు అది, ఆగదు. ఎవరో సొన్నప్పను చూసి, పైపులో రష్యావాళ్ళు మాట్లాడుతున్నారా అని అడిగారు. సొన్నప్ప మాటంటే ఊళ్ళో అందరికీ నవ్వులాటే. ఏర్‌బ్లాస్టు తనను గనిలో ఒక అంతస్తులోంచి ఇంకో అంతస్తుకు ఎగరేసినా చేతిలోని టీ ఒలకలేదని చెప్పినవాడి మాట ఎవరు నమ్ముతారు?

సొన్నప్పకు నవ్వు రాలేదు. రాకెట్టని వినగానే ఒక్క క్షణం ఒళ్ళు తేలికయింది. ఆ వెంటనే అంతకు రెండింతలు బరువెక్కింది. బండ పగల్లేదు సరే, మరి వెంకటేశప్ప మధ్యాహ్నం అన్నం వేళకే పైకి రావాల్సినవాడు ఏమైనట్టు? వచ్చి ఎక్కడో సరుకు దాచుకుంటున్నాడులే అనుకుని తను హాయిగా నిద్రపోయాడు. ఏర్‌బ్లాస్టయితే ఆ భయానికొక పేరుండేది. ఇప్పుడు వచ్చింది పేరు లేని భయం.

జనం ఇళ్ళకు మళ్ళుతున్నారు. వీళ్ళు వెళ్ళిపోతే తనొక్కడు, ఆ చీకటి నోరు. చెబితే పోలీసులు, కేసు, కూతురి ముఖం.

అప్పుడే జనంలోంచి చెన్నమ్మ వచ్చింది. చేతిలో ఫోను ఉంది.

"నాయనా, ఆయన యాడ? పొద్దున్నుంచి ఫోను తీయల్యా. బంగారుపేటలో ఆ మేస్త్రీని అడిగితే అట్లాంటోడు రాలేదంటా ఉండాడు."

సొన్నప్ప పైపు పట్టుకుని లేచాడు.

"ఎవురూ పోవద్దండప్పా. నా అల్లుడు కింద ఉండాడు."

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. గంగప్ప ఏదో అనబోయి చెన్నమ్మ వైపు చూశాడు. ఆమె ముఖంలో నెత్తురు లేదు. గంగప్ప నోరు మూసుకున్నాడు. ఆ మౌనం ఒకరి నుంచి ఒకరికి గేటు దాకా పాకింది. చంకలో పిల్ల ఏడవబోతే రామక్క దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

సొన్నప్ప మళ్ళీ చెవి ఆనించాడు. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత, ఎంత సన్నగా అంటే అది చెవికి వినబడిందో చెంపకు తగిలిందో తెలియనంత సన్నగా, టంగ్ మంది. మళ్ళీ టంగ్. తర్వాత ఏమీ లేదు.

బతికే ఉండాడని సొన్నప్ప అరిచాడు. దొంగతనం మాట ఎవరి నోటా రాలేదు. పక్కింటి చిన్నవెంకటప్ప బావి మోకు తెచ్చాడు, గంగప్ప లాంతరు తెచ్చాడు. లోపలి గాలి చెడ్డదైతే ముందు లాంతరుకే తెలుస్తుంది, మంట కుంగితే వెనక్కి రావాలి. వాళ్ళిద్దరూ దిగారు. మేష్టరు చొక్కా విప్పి స్కూటరు మీద వేసి మోకు మొదటి చివర పట్టుకున్నాడు. సొన్నప్ప అంచున కూర్చుని లాంతరు వెలుగు చిన్నదవుతుంటే చూశాడు. అది ఒకసారి రెపరెపలాడింది. అతని పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఎండాకాలం అది.

వెంకటేశప్పను పైకి తెచ్చేసరికి బాగా చీకటి పడింది. నిచ్చెన మెట్టు విరిగి జారితే, రెండు దుంగల నడుమ కాలు ఇరుక్కుపోయిందట. మనిషి బురదతో చేసిన బొమ్మలాగా ఉన్నాడు. చెన్నమ్మ కొంగుతో అతని ముఖం తుడిచింది.

"బంగారుపేటలో పెయింటు బురద రంగుదా?" అని మాత్రం అడిగింది.

నువ్వు ఆ మోతకు ఎంత భయపడ్డావో పాపం అన్నాడు మేష్టరు. వెంకటేశప్ప అర్థంకానట్టు చూశాడు.

"ఏ మోత సార్? నాకేమీ వినబళ్ళా. మద్యాన్నం నుంచి రంపంతో పైపు కొడతానే ఉండాను. ఎవురూ రాలే. చెయ్యి పడిపోయి, ఇంగ చాల్లే అని మానేసినాను. కడాకు ఏదో బుద్ధిపుట్టి రెండు దెబ్బలు కొట్టినాను."

అప్పుడు సొన్నప్ప అక్కడే కూర్చుండిపోయాడు. ఎవరో నీళ్ళిస్తే లోటా పళ్ళకు తగిలి గలగలమంది. వచ్చేశాడు కదా, ఇంకేం భయం అంటున్నారు అందరూ. అతను మేష్టరు చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"సార్, ఆ రాకెట్టు ఇంగ కొంచేపు తాళుకొని ఉంటే యాడ పడేది?"

మేష్టరు తూర్పు వైపు చూసి ఆలోచించాడు.

"సముద్రంలో, సొన్నప్పా. ఇక్కడ మోతా వినబడేది కాదు, మనకెవురికీ తెలిసేదే కాదు."

సొన్నప్ప ఇల్లు చేరేదాకా అల్లుడి మణికట్టు వదలలేదు.